నీరు తేరినా ఏరు కోలుకోదు

కాలువ ఎర్రగానో నీలంగానో పారితే ఆ ఫొటో పత్రికల్లో వస్తుంది, అధికారులు కదులుతారు. కొన్నాళ్లకు నీరు తేరుతుంది, గొడవ సద్దుమణుగుతుంది. కానీ బట్టల అద్దకం వల్ల నీటి జీవాలకు జరిగే చెరుపులో కంటికి కనబడే రంగు కొంతే. ఎక్కువ నష్టం రంగులేని వాటి వల్ల జరుగుతోంది. మన నిఘా మాత్రం ఇంకా రంగు దగ్గరే ఆగిపోయింది.

ఇందుకు బట్టలు అద్ది ఎగుమతి చేసే తమిళనాడులోని తిరుప్పూరు సాక్ష్యం. పశ్చిమ కనుమల్లో పుట్టి కావేరిలో కలిసే నొయ్యల్ నది ఆ ఊరి మీదుగా పారుతుంది. సాగునీటి కోసం 1992లో ఒరత్తుపాళయం దగ్గర కట్టిన జలాశయం కొన్నేళ్లకే అద్దకపు మురుగు నిలవుండే గుంటగా మారింది. ఏ నీళ్ల కోసం ఆనకట్ట కట్టించుకున్నారో ఆ నీళ్లే వద్దని ఆయకట్టు రైతులు కోర్టుకెక్కారు. ఎందుకంటే, అవి ఉప్పునీళ్లు. నూలు బట్టకు వేసే రియాక్టివ్ రంగులు దారానికి పట్టాలంటే తొట్టిలో ఉప్పు పోయాలి. ముదురు రంగుకైతే లీటరుకు 50 నుంచి 80 గ్రాముల దాకా పడుతుంది. సముద్రపు నీటిలోనే లీటరుకు సుమారు 35 గ్రాములు ఉంటుంది! రంగులో చాలా భాగం బట్టకు అంటుకుంటుంది. ఉప్పు అంటుకోదు, దాదాపు అంతా కడుగునీళ్లతో బయటికొస్తుంది. సున్నం, పటిక లాంటివి వేసి రంగును అడుగుకు దించవచ్చు గానీ కరిగిన ఉప్పు అలా దిగదు. మంచినీటి చేప మొప్పలు, మూత్రపిండాలు మంచినీటికే తగ్గట్టు ఏర్పడ్డాయి. ఉప్పు పెరిగితే ఒంట్లో లవణాల తూకం నిలుపుకోవడానికే దాని శక్తి ఖర్చవుతుంది. గుడ్లు, పిల్లలు ముందు దెబ్బతింటాయి. చేపలకు మేతయ్యే పురుగుల్లోనూ ఉప్పును తట్టుకోలేనివి తగ్గిపోతాయి.

రంగు చేసే చెరుపూ చిన్నదేం కాదు. అది ఎండను అడ్డుకుంటే నాచు, నీటి మొక్కలు ఆక్సిజన్ తయారుచేయలేవు. మురుగులోని గంజి, ఇతర సేంద్రియ పదార్థాలు కుళ్లుతూ ఉన్న ఆక్సిజన్‌ను లాగేస్తాయి. తెల్లవారుజామున అది అట్టడుగుకు పడిపోతుంది. ఆ వేళ చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే దాని అర్థమేమిటో గోదావరి, కృష్ణా జిల్లాల చేపల చెరువుల రైతులకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇక అద్దకంలో వాడే అజో రంగుల సంగతి. ఆక్సిజన్ అందని అడుగు బురదలో బ్యాక్టీరియా వాటిని విరగ్గొడుతుంది. రంగు మాయమవుతుంది, ఆరోమాటిక్ ఎమీన్లు అనే రసాయనాలు మిగులుతాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. మాలకైట్ గ్రీన్ అనే అద్దకపు రంగును చేపల బూజు తెగులుకు వాడేవారు. చేప ఒంట్లో అది రంగులేని రూపానికి మారి కండలో చాలాకాలం ఉండిపోతుందని తేలాకే అనేక దేశాలు తినే చేపల పెంపకంలో నిషేధించాయి.

చాలా రంగులు చేపల్ని వెంటనే చంపవని పరిశ్రమ వాదిస్తుంది. అది నిజమే. అయితే అలా తేల్చే పరీక్షల్లో సాధారణంగా చూసేది ఒక్కో రసాయనాన్ని, అదీ నాలుగు రోజులు. ఏట్లో ఉప్పు, క్షారం, లోహాలు, ఎమీన్లు కలిసి ఏళ్ల తరబడి పారతాయి. చేప చావకపోయినా గుడ్లు పొదగకపోతే ఆ జాతి ఏట్లో మిగలదు. ఉపాధి పోతుందన్న అభ్యంతరం ఇంకా బలమైనది. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2011 జనవరిలో తిరుప్పూరులో 700కు పైగా అద్దకపు యూనిట్లు మూతపడ్డాయి. కార్మికులు నిజంగానే కష్టాలు పడ్డారు. కానీ ఆ తర్వాత చుక్క మురుగు బయటికి పోకూడదన్న షరతుతో, నీటిని వడకట్టి, ఉప్పును తిరిగి తీసుకునే శుద్ధి కేంద్రాలతో పని మొదలైంది. ఊరు ఎగుమతుల్లో వెనకబడలేదు. ఆ శుద్ధికి కరెంటు, డబ్బు బాగా ఖర్చవుతాయి, మిగిలే మిశ్రమ లవణాలను ఎక్కడ పెట్టాలన్నది ఇప్పటికీ చిక్కే. అయినా ఆ ఖర్చు చొక్కా ధరలో కలవాలి గానీ, దిగువ రైతు మీదా జాలరి మీదా పడకూడదు.

మన రాష్ట్రాల్లో అద్దకపు మురుగు చేరే ప్రతి ఏటిలోనూ మొత్తం లవణాలనూ, తెల్లవారుజామున కరిగి ఉన్న ఆక్సిజన్‌నూ కాలుష్య నియంత్రణ మండళ్లు కొలవాలి. ఆ అంకెలను ఏటి ఒడ్డునున్న పంచాయతీల్లో తెలుగులో అంటించాలి. చేపల పెంపకానికి పనికొచ్చే నీటిలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణమే చెబుతోంది. మీ ఊరి ఏట్లో ఎంతుందో అడగండి.