పాత ఆట – కొత్త యంత్రం

కరవు సీమగా పేరుపడిన అనంతపురం ప్రాంతంలో నిమ్మలకుంట తోలుబొమ్మలకు ప్రసిద్ధి. నూనె దీపం పోయి విద్యుద్దీపం వచ్చినా తెరమీది రాముడు మారలేదు. వీడియో ఆటకు ఆ వెసులుబాటు లేదు. 1983లో జపానులో నింటెండో సంస్థ విడుదల చేసిన ఫామికామ్ కొరకు రచించిన ఆట మరో యంత్రానికి బోధపడదు; ఆ యంత్రం చెడితే ఆటా మూగపోతుంది.

ఈ చిక్కును తీర్చేది ఎమ్యులేటర్. పాత యంత్రపు ఆదేశాలను ఒక్కొక్కటిగా గ్రహించి, నేటి కంప్యూటరు చేత అదే పని చేయించే ప్రోగ్రాము ఇది. ఒక విధంగా దుబాసి. ఇటలీ దేశీయుడు నికోలా సాల్మోరియా 1997లో వెలువరించిన ‘మేమ్’ తొలుత నాణెం వేసి ఆడే యంత్రాలకే పరిమితం. 2015లో గృహ యంత్రాలను అనుకరించే ‘మెస్’ అందులో కలిసింది. 2016లో మేమ్ ఓపెన్ సోర్సుగా మారింది. మూలసంకేతం అందరికీ అందుబాటులో ఉండడంచేత ఒకరు విడిచిన పనిని మరొకరు అందుకోగలరు. ఆటలపై హక్కులు మాత్రం వాటి యజమానులవే.