సముద్రానికీ ఒక బడి

మన తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన ఊళ్లలో అనేకం సముద్రానికి దగ్గరలోనే ఉన్నవి. పూరీ పెంటకోటలోను, గోపాలపురంలోను తెలుగు మాట్లాడే జాలరులు నేటికీ తెల్లవారుజామున అలల మీదికి పడవ తోస్తున్నారు. చెన్నై, ముంబయి రేవులను నమ్ముకొని బ్రతికిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నవి. యానాం నుంచి గోదావరి వెంట కొద్ది దూరం పోతే సముద్రమే. అయినను ఒక విచిత్రం చూడండి. సముద్రం పుట్టుకతో తెలిసిన ఇంటి పిల్లవాడు చాలాసార్లు బడి నడుమనే మానేస్తాడు. చదువు సాగిన మావంటి గుమాస్తా ఇళ్ల పిల్లవాడు ఆదివారం సాయంత్రం శనగలు తింటూ సముద్రాన్ని చూడటమే గాని, అందులో ఒక బ్రతుకుతెరువు ఉన్నదని ఎరుగడు. ఒకరికి చదువు లోటు, ఇంకొకరికి సముద్రం లోటు. ఈ రెండు లోట్లనూ తీర్చగలది బడి ఒక్కటేనని మా నమ్మకం.

ఈ మాట ఊరికే అనటం లేదు. 2015 జూన్‌లో దుర్గమ్మ అనే చేపల పడవ ఒకటి బంగాళాఖాతంలో తుపాను గాలికి చిక్కినది. ఇంజను చెడినది, లంగరు పోయినది, తిండీ మంచినీళ్లూ అలల పాలైనవి. పడవలోని ఏడుగురూ చేపల కోసం ఉంచిన ఐసుతోనే ప్రాణాలు నిలుపుకొన్నారు. ఇళ్ల వద్ద వారు ఇక రారనుకొని కర్మలకు సిద్ధపడుతున్నారు. జూన్ 22న గోపాలపురం తీరానికి ఎదుట, సంపూర్ణ స్వరాజ్య అనే చమురు ఓడ నుంచి ఒక అధికారి రెండున్నర కిలోమీటర్ల దూరాన ఆ పడవను చూశాడు. ఓడ కెప్టెను రాధికా మేనోన్ అనే స్త్రీ. పాతిక అడుగులు మించిన అలల నడుమ మూడుమార్లు ప్రయత్నించి ఏడుగురినీ ఓడ మీదికి చేర్చుకొన్నారు. 2016లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఆమెకు సాహస పురస్కారం ఇచ్చినది. ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

ఆ ఏడుగురిలో అందరికంటె చిన్నవాని వయస్సు పదిహేను. మన ఇళ్లలో పదో తరగతి పుస్తకాల సంచి మోసే వయస్సు అది. చదువు అన్ని ఆపదలనూ తప్పిస్తుందని మేము అనము. కాని ఇంజను చెడితే విప్పి చూడగల చెయ్యి, వాతావరణ సూచన చదవగల కన్ను పడవలో ఉండటం చిన్న సంగతి కాదు గదా!

అదే వయస్సు పిల్లలకు సముద్రపు పని ఎట్లా నేర్పవచ్చునో అమెరికాలోని న్యూయార్కు నగరపు ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఒకటి చూపుతున్నది. దాని పేరు హార్బర్ స్కూలు, అనగా రేవు బడి. 2003లో బ్రూక్లిన్‌లో మొదలై, 2010లో రేవు నడుమనున్న గవర్నర్స్ దీవికి మారినది. పిల్లలు రోజూ లాంచీ ఎక్కి బడికి పోతారు. తొమ్మిది నుంచి పన్నెండు వరకు తరగతులు. లెక్కలూ చరిత్రా అందరిలాగే చదువుతూ, వాటితోబాటు ఒక పని నేర్చుకొంటారు. కొందరు పడవ నడపటం, కొందరు ఇంజనులు బాగుచేయటం, కొందరు నీట మునిగి పనిచేయటం, ఇంకొందరు నీటి జీవులను పెంచటం, పరిశోధించటం. ఒకప్పుడు ఆ రేవు నిండా ఆల్చిప్పలే. మితిమీరి పట్టటం వలన, మురుగు వలన అవి నశించినవి. ఆల్చిప్ప నీటిని వడగట్టి తేటపరుస్తుంది. అందుచేత హోటళ్లు పారవేసే చిప్పలను తెచ్చి, వాటి మీద పిల్ల ఆల్చిప్పలను పెంచి, తిరిగి రేవులో వేస్తున్నారు. 2014లో మొదలైన ఈ పథకానికి 2035 నాటికి వంద కోట్ల ఆల్చిప్పలు గురి. ఆ పనిలో బడిపిల్లల చేతులు ఉన్నవి.

మన దేశానికీ ఈ ఆలోచన కొత్త కాదు. 1927లోనే బొంబాయి రేవులో డఫరిన్ అనే ఓడను బడిగా చేసి మన కుర్రవాళ్లకు ఓడ అధికారుల శిక్షణ ఇచ్చారు. 1972లో రాజేంద్ర అనే ఓడ దాని స్థానంలోకి వచ్చినది. 1993 నుంచి చాణక్య అనే పేరుతో నవీ ముంబయిలో ఒడ్డు మీదనే ఆ శిక్షణ సాగుతున్నది. నేడది 2008లో ఏర్పడిన భారత సముద్ర విశ్వవిద్యాలయంలో భాగం. ఆ విశ్వవిద్యాలయపు ప్రధాన స్థానం చెన్నై; విశాఖపట్నంలోనూ శాఖ కలదు. ఓడ అధికారి కాగోరేవారు పదో తరగతి తరువాత లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు తీసుకొని, పన్నెండు ముగించి ప్రవేశ పరీక్ష వ్రాయవలెను. ఇంగ్లీషు మార్కులు కూడా చూస్తారు.

పదో తరగతితోనే చేరదగినది సిఫ్‌నెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ. 1963లో కొచ్చిలో మొదలైనది. చెన్నై శాఖ 1968లో, విశాఖపట్నం శాఖ 1981లో ఏర్పడినవి. చేపల ఓడ నడిపేవారికి ఒకటి, ఇంజను చూచేవారికి ఒకటి, రెండేళ్ల శిక్షణలు రెండున్నవి. తరువాత కొంతకాలం సముద్రం మీద పనిచేసి, ప్రభుత్వ పరీక్షలు ప్యాసయితే చేపల ఓడకు స్కిప్పరు కావచ్చును. జాలరి ఇంటి పిల్లవానికి తాత నేర్పిన విద్యకు సర్టిఫికెట్టు తోడయ్యే దారి ఇది.

ఓడ ఎక్కటం ఇష్టం లేక, సముద్ర జీవుల చదువు కోరే పిల్లలు జీవశాస్త్రం తీసుకొనవలెను. మంగళూరు మత్స్య కళాశాల 1969లో స్థాపించినది, దేశంలో మొదటిది. తూత్తుకుడిలో 1977లో ఏర్పడినది. ఒడిశాలో బరంపురం దగ్గరి రంగైలుండలోను, మహారాష్ట్రలో రత్నగిరిలోను ఇటువంటి కళాశాలలున్నవి. మనం ఉన్న రాష్ట్రం విడిచిపోనక్కరలేదు.

తల్లిదండ్రులకు రెండు హెచ్చరికలు. మొదటిది, ఎవరికీ పైసా కట్టకముందే పిల్లవాని కళ్లు పరీక్ష చేయించండి. ఓడల మీద ఎరుపు, ఆకుపచ్చ దీపాల తేడా తెలియటం ప్రాణావసరం. రంగులు గుర్తించలేనివారిని తీసుకొనరు. రెండవది, ఓడలో ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు అడిగే ఏజెంట్లు రేవు పట్నాలలో కొల్లలు. మా ఎరుకలోనే ఒక తండ్రి భార్య మెడలోని గొలుసు అమ్మి కట్టిన సొమ్ము తిరిగి రాలేదు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుని వద్ద రుసుము తీసుకొనటం చట్టవిరుద్ధం. శిక్షణ సంస్థ అయినా, ఉద్యోగం చూపే సంస్థ అయినా, నౌకాయాన డైరెక్టరేటు జనరల్ గుర్తించిన పట్టికలో ఉన్నదో లేదో ముందు చూచుకొనవలెను.

ఆడపిల్లకు ఇది తగదనేవారికి కెప్టెను మేనోన్ కథే సమాధానం. రేడియో ఆఫీసరుగా ఓడ ఎక్కి కెప్టెను అయిన మనిషి ఆమె.

మన కుటుంబాలలో రేవులోను, ఓడలలోను పనిచేసి రిటైరైన పెద్దలు ఉన్నారు. పదో తరగతి ఫలితాలు వచ్చేలోగా ఒక్క ఆదివారం వారు పిల్లలను కూర్చోబెట్టుకొని తమ పని ఏమిటో, జీతమెంతో, కష్టమెంతో ఉన్నదున్నట్లు చెప్పిన చాలును. పోవటమా మానటమా అన్నది ఆ తరువాత పిల్లలూ, తల్లిదండ్రులూ కలిసి ఆలోచించుకొంటారు.