కుట్లు విప్పిన తరువాత

శస్త్రచికిత్స చేయించుకొని ఇంటికి వచ్చిన స్త్రీని చూడవచ్చిన వారందరూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: "కుట్లు విప్పారా?" విప్పారని చెప్పగానే అందరి మనస్సులూ తేలికపడతాయి. ఇక గండం గడిచిందనీ, నాలుగైదు రోజులలో ఆమె ఎప్పటివలె ఇంటిపనీ పొలంపనీ చూసుకోగలదనీ భావిస్తారు. రొమ్ముకు జరిగే శస్త్రచికిత్సల విషయంలో ఈ భావన పొరపాటు. కుట్లు విప్పిన నాటికి మానినది పైచర్మం మాత్రమే. దాని అడుగున జరుగవలసిన పని అప్పటికి సగమైనా పూర్తి కాదు. ఆ పని ఏమిటో, దానికి ఎన్ని వారాలు పడుతుందో, ఇంటివారు చేయవలసినదేమిటో ఈ ప్రసంగంలో తెలుసుకొందాము.

రొమ్ముకు శస్త్రచికిత్స ముఖ్యంగా రెండు కారణాల వలన జరుగుతుంది. మొదటిది కాన్సరు. 19వ శతాబ్దం చివర అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అనే వైద్యుడు రొమ్ముతోపాటు ఛాతీ కండరాలనూ, చంకలోని గ్రంథులనూ తొలగించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. చాలాకాలం లోకమంతా దానినే అనుసరించింది. బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వాన జరిగిన పరిశోధనల ఫలితాలు 1985లో వెలువడిన తరువాత, తొలిదశలోని వ్యాధికి గడ్డను మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుఃప్రమాణంలో తేడా ఉండదని రూఢి అయినది. రెండవ కారణం, రొమ్ము పరిమాణాన్ని పెంచుకోవడం గాని, తొలగించిన రొమ్మును తిరిగి రూపొందించుకోవడం గాని. ఇందుకు వాడే సిలికోన్ సంచిని మొదటిసారిగా 1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ గెరో అనే వైద్యులు ఒక స్త్రీకి అమర్చారు. కారణాలు వేరయినా, కోసిన శరీరం మానే తీరు ఒక్కటే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల స్త్రీలు ఇట్టి చికిత్సకు వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆస్పత్రికో, హైదరాబాదులో 1955లో నెలకొన్న మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆస్పత్రికో, ప్రైవేటు ఆస్పత్రులకో వెళుతూ ఉంటారు. అక్కడ ఉండేది కొద్ది రోజులు. కోయడం నగరంలో జరిగినా, మానడం మాత్రం ఇంటిలోనే జరుగుతుంది. కనుక ఇంటివారి తెలివిడి వైద్యంలో ఒక భాగమని గుర్తించవలెను.

గాయం మానే క్రమాన్ని కొంచెం పరిశీలిద్దాము. కోత పడగానే రక్తం గడ్డకట్టి ప్రవాహం ఆగుతుంది. తరువాతి మూడు నాలుగు రోజులు తెల్లరక్తకణాలు అక్కడికి చేరి, చెడిన కణాలనూ సూక్ష్మజీవులనూ తొలగిస్తాయి. ఆ రోజులలో కనిపించే కొద్దిపాటి వాపూ వేడీ ఈ పనికి గుర్తులు. జాగ్రత్తగా కుట్టిన గాయంలో చర్మపు అంచులు సుమారు రెండు రోజులలోనే పైపైన అతుకుకొంటాయి. ఆపైన కొల్లాజెన్ అనే పోగులు లోపల అల్లుకోవడం ఆరంభమవుతుంది. గాయానికి బలాన్ని ఇచ్చేవి ఈ పోగులే. మొదటి వారం చివర గాయపు బలం అసలు చర్మపు బలంలో నూటికి 10 పాళ్ళకు కూడా చేరదు. మూడు వారాలకు సుమారు అయిదవ వంతు, మూడు నెలలకు నూటికి 80 పాళ్ళ వరకు వస్తుంది. పూర్వపు బలం పూర్తిగా ఎన్నటికీ రాదు. కొత్త గోడకు పైపూత ఆరినంత మాత్రాన లోపలి తడి ఆరినట్లు కాదుగదా! ఇదీ అట్టిదే.

మొదటి వారంలో నొప్పి, బిగువు, వాపు సహజం. కాన్సరుకు చేసిన చికిత్సలో చాలమందికి లోపలి నీరు బయటికి పోవడానికి ఒక గొట్టాన్ని, దాని చివర చిన్న సీసాను అమరుస్తారు. అందులో రోజుకు ఎంత నీరు చేరినదో కొలిచి కాగితం మీద వ్రాసి ఉంచవలెను. ఆ లెక్కను చూసియే వైద్యులు గొట్టం తీసే రోజును నిర్ణయిస్తారు. త్వరగా తీయించుకోవాలని తొందరపడితే నీరు లోపలే నిలిచి వాపు కడుతుంది. సిలికోన్ సంచి అమర్చినవారికి రొమ్ము మొదట పైకి లేచి, బిగిసి ఉన్నట్లు కనిపిస్తుంది. కొన్ని వారాలలో అది క్రమంగా దిగి కుదురుకొంటుంది. ఆ సంచి చుట్టూ శరీరం ఒక పలుచని పొరను కూడా కట్టుకొంటుంది. వెల్లకిల పడుకొని, తలవైపు కొంచెం ఎత్తు పెట్టుకోవడం, వైద్యులు చెప్పిన మెత్తని లోదుస్తును వదలకుండా ధరించడం ఈ దశలో మేలు చేస్తాయి.

రెండవ, మూడవ వారాలు అసలైన పరీక్షాకాలం. నొప్పి తగ్గుతుంది. కరిగిపోయే రకం కాకపోతే కుట్లు విప్పుతారు. మనిషి లేచి తిరుగుతుంది. పత్తి పగిలి ఉంటుంది, లేదా మిరప కోతకు వచ్చి ఉంటుంది. కూలికి మనుషులు దొరకరు. "ఒక్క పూటేగదా" అని ఆమె పొలానికి బయలుదేరుతుంది. పది లీటర్ల బిందె నిండితే నీటి బరువే పది కిలోలు. దానిని ఎత్తే చేతి బలం ఛాతీ కండరాల మీదుగానే వస్తుంది. అల్లుకొంటున్న పోగులు ఆ లాగుడుకు చిట్లవచ్చును. లోపల రక్తమో నీరో చేరవచ్చును. సంచి చోటు తప్పవచ్చును. అందుచేత సుమారు ఆరు వారాల వరకు, వైద్యుడు సరే అనేదాకా, బిందె, గడ్డిమోపు, పత్తిమూట, చంకలో పిల్ల ఇవేవీ ఆమె ఎత్తరాదు. బోరింగు కొట్టరాదు.

బరువు కూడదన్నామని కదలిక కూడా కూడదనుకోరాదు. ఈ రెండింటి భేదం తెలియక చాలమంది చేతిని ఒంటికి అదిమిపెట్టి నెలల తరబడి కదపకుండా ఉంచుతారు. ఫలితంగా భుజం బిగుసుకొనిపోయి, జడ వేసుకోవడం, రవిక తొడుక్కోవడం కూడా కష్టమవుతుంది. కాన్సరు చికిత్స జరిగినవారు వైద్యుల అనుమతితో తొలి రోజుల నుండే వేళ్ళు, మణికట్టు, మోచేయి కదపవలెను. గొట్టం తీసేవరకు చేతిని భుజం ఎత్తు దాటనీయకుండా, తరువాత గోడకు ఎదురుగా నిలిచి వేళ్ళను మెల్లగా పైకి పాకించవలెను. తల దువ్వుకోవడమే మంచి వ్యాయామం. సంచి అమర్చినవారికి చేయి ఎత్తే హద్దును వారి వైద్యుడే చెప్పవలెను. చంకలోని గ్రంథులు తొలగించినవారికి మరొక జాగ్రత్త అవసరం. ఆ వైపు చేతిలో రసిక తిరిగిపోయే దారి తగ్గడం వలన కొందరికి నెలల తరువాత, ఏండ్ల తరువాత కూడా చేయి వాస్తుంది. పత్తికాయల మొనలు గీరుకోకుండా, కొడవలి తగలకుండా ఆ చేతిని కాపాడుకోవలెను. గీత పడితే వెంటనే సబ్బుతో కడుగవలెను.

ఇక పథ్యం సంగతి. పప్పు, గుడ్డు, మాంసం తింటే గాయం చీము పడుతుందని మన ఇండ్లలో ఒక నమ్మకం ఉన్నది. చీము సూక్ష్మజీవుల వలన పడుతుంది, పప్పు వలన కాదు. పైగా కొల్లాజెన్ పోగులకు ముడిసరుకు మాంసకృత్తులే. గంజి, చారు మాత్రమే పోసి వాటిని మాన్పించడం గోడ కట్టే మేస్త్రీకి ఇటుకలు అందనీయకపోవడం వంటిది. ఆ పోగులు గట్టిపడడానికి విటమిన్ సి కావలెను. అది చాలక స్కర్వీ వ్యాధికి లోనైన పూర్వపు ఓడ నావికులకు ఎన్నడో మానిన గాయాలు కూడా తిరిగి తెరుచుకొన్నాయి. మనకు ఉసిరి, జామ, నిమ్మ కొరత లేదు. చక్కెరవ్యాధి ఉన్నవారు దానిని అదుపులో ఉంచుకోవలెను. బీడీ, చుట్ట పొగ, పొగాకు నమలడం రక్తనాళాలను ముడుచుకొనేటట్లు చేసి గాయానికి రక్తం అందనీయవు. గాయం మీద పసుపు, నూనె, ఆకుపసరు ఏదీ వేయరాదు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మరునాటి వరకు ఆగరాదు. ఫారన్‌హీటు కొలతలో 100 డిగ్రీలు దాటిన జ్వరం, పాకుతున్న ఎరుపు, దుర్వాసనతో రసి, ఒక వైపు మాత్రం హఠాత్తుగా పెరిగిన వాపు, పిక్కలో నొప్పితో కూడిన వాపు, ఆయాసం: వీటిలో ఏది కనిపించినా శస్త్రచికిత్స చేసిన ఆస్పత్రికి తెలియజేయవలెను. దూరమయితే దగ్గరి పెద్ద ఆస్పత్రికి వెళ్ళవలెను. మహబూబాబాద్‌లో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమైనాయి; వాటి ఆస్పత్రులు ఉన్నవి. ఆయాసం వచ్చినప్పుడు 108ను పిలవడమే ఉత్తమం.

ఈ వారాలలో మనస్సుకూ గాయం ఉంటుంది. రొమ్ము పోయిన స్త్రీ అద్దం ముందు నిలువలేకపోవచ్చును. పరిమాణం పెంచుకొన్న స్త్రీ నలుగురూ ఏమనుకొంటారోనని విషయాన్ని ఇంటిలో దాచి, ఆ దాపరికం కొరకే బరువులు ఎత్తవచ్చును, జ్వరం వచ్చినా నోరు విప్పకపోవచ్చును. ఇంటిలో ఒక్కరికైనా చెప్పుకోవడం ఆమెకు రక్షణ. విన్నవారు తీర్పు చెప్పక సాయపడడం ధర్మం. వాపు పూర్తిగా తీసి అసలు రూపం తేలడానికి కొన్ని నెలలు పడుతుంది. స్పర్శ తగ్గినట్లు, మొద్దుబారినట్లు ఉండడమూ సాధారణమే. మూడవ వారంలో కనిపించినదే శాశ్వతమనుకొని కుంగరాదు.

కాన్సరు రోగుల విషయంలో ఈ ఆరు వారాల విలువ మరింత ఎక్కువ. అవసరమైనవారికి శస్త్రచికిత్స తరువాత కీమోథెరపీ, రేడియేషన్ ఇవ్వవలసి ఉంటుంది. గాయం సరిగా మానితే గాని వాటిని ఆరంభించడం కష్టం. ఒక్క పూట పత్తి ఏరడం వలన లోపలి గాయం చెడితే, పోయేది ఆ పూట కూలి కాదు. ప్రాణాన్ని కాపాడే తరువాతి చికిత్సకు కేటాయించిన కాలం. కనుక ఆమె ఇల్లు చేరకముందే భర్త, అత్తగారు, ఎదిగిన పిల్లలు కూర్చుండి ఆరు వారాల పనిని పంచుకోవలెను. నీళ్ళు ఎవరు తెస్తారో, పొలానికి ఎవరు వెళతారో, ఆస్పత్రికి తోడు ఎవరో ముందే నిర్ణయించుకొంటే, "ఒక్క పూటేగదా" అనవలసిన అవసరం ఆమెకు రాదు.