ఉద్యోగం పోయిన మర్నాడు

2019 అక్టోబరు 5, శనివారం. సాయంత్రం ఆరు గంటల్లోగా డ్యూటీలో చేరాలని సమ్మెకు దిగిన ఆర్టీసీ కార్మికులకు తెలంగాణ ప్రభుత్వం గడువు పెట్టింది. గడువు దాటింది. చేరనివాళ్లు తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టని మర్నాడు ప్రకటన వచ్చింది. రాష్ట్రమంతా 'సెల్ఫ్ డిస్మిస్' అన్న మాటే మోగింది. దాని కిందికి వచ్చినవాళ్లు దాదాపు 48 వేల మంది. అప్పటికి దసరా రెండు రోజుల్లో ఉంది. సెప్టెంబరు జీతం చేతికి రాలేదు.

ఖమ్మం జిల్లాలో తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే దారిలో, అడవి అంచున ఉన్న ఏన్కూరు లాంటి మండలాల్లో ఆర్టీసీ ఉద్యోగం అంటే ఒక్క మనిషి బతుకుదెరువు కాదు. ఆ జీతం మీద పిల్లల హాస్టల్ ఫీజు, చెల్లెలి పెళ్లి బాకీ, తమ్ముడి పత్తి చేను పెట్టుబడి ఆధారపడి ఉంటాయి. ఒకటో తారీఖు జీతం పడుతుందన్న నమ్మకం మీదే కిరాణా కొట్టులో ఖాతా నడుస్తుంది.

సమ్మె ఎనిమిదో రోజున, అక్టోబరు 12న, ఖమ్మంలో ఒక డ్రైవరు ప్రాణం తీసుకోబోయాడు. మర్నాడు హైదరాబాద్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ వార్త ప్రతి డిపోనూ కుదిపేసింది. సమ్మె తప్పొప్పుల సంగతి పక్కన పెడితే, ఆ వారంలో జనానికి ఒకటి కళ్లకు కట్టింది: ఉద్యోగం పోయిన మనిషికి మొదటి గండం ఆకలి కంటే ముందే వస్తుంది. రేపు పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలి, నలుగురికీ ఏమని చెప్పాలి అన్నవే ఆ గండం.

అలాగని అందరూ కుంగిపోలేదు. ఆర్టీసీ కార్మిక సంఘాల జేఏసీ శిబిరాలు రోజూ నడిచాయి. డిపోల ముందు రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంటావార్పు చేశారు. దాన్ని నిరసనగానే చూశారు చాలామంది. కానీ ఆ పొయ్యి చేసిన మేలు ఇంకొకటుంది. పొద్దున్నే తయారై వెళ్లడానికి ఒక చోటు, పక్కన తనలాంటి మనుషులు, చేతికి ఒక పని దొరికాయి. ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చున్నవాళ్లకూ అక్కడికి వచ్చినవాళ్లకూ తేడా అక్కడే ఉంది. నవంబరు 25న జేఏసీ సమ్మె విరమించింది. 29న కార్మికులు మళ్లీ డ్యూటీ ఎక్కారు. సమ్మె కాలానికి కూడా జీతం ఇస్తామని డిసెంబరు 1న ముఖ్యమంత్రి ప్రకటించారు.

పొద్దున్నే వెళ్లడానికో చోటు ఉండటానికీ, ఊరికే ఇంట్లో కూర్చోవడానికీ మధ్య ఉన్న ఈ తేడాను తొంభై ఏళ్ల కిందటే ఆస్ట్రియాలో కొందరు దగ్గరుండి పరిశీలించారు. వియన్నాకు దగ్గర్లోని మారియెంటాల్ అనే ఊరు మొత్తం ఒక్క బట్టల మిల్లు మీద బతికేది. ఆ మిల్లు మూతపడ్డాక మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హన్స్ జైసెల్ ఆ ఊరి రోజువారీ బతుకును నమోదు చేసి 1933లో పుస్తకంగా తెచ్చారు. మగవాళ్ల నడక నెమ్మదించింది. వీధిలో ఊరికే ఆగి నిలబడిపోయేవారు. గడియారం పెట్టుకోవడం మానేశారు. అన్నిటికన్నా ఆశ్చర్యం గ్రంథాలయం సంగతి. చదువుకోవడానికి కావలసినంత తీరిక దొరికింది, రుసుము కూడా తీసేశారు, అయినా జనం పుస్తకాలు తీసుకెళ్లడం దాదాపు సగానికి పడిపోయింది. పని లేని తీరిక మనిషికి ఏదీ చేయబుద్ధి కాకుండా చేస్తుంది. ఆడవాళ్ల సంగతి వేరు. ఇంటి చాకిరీ తప్పదు కాబట్టి వాళ్ల రోజు చెదరలేదు. ఉద్యోగం జీతంతో పాటు రోజుకొక క్రమాన్ని, నలుగురితో మాటను, ఊళ్లో ఒక గుర్తింపును ఇస్తుందని యహోదా తర్వాతి రోజుల్లో విడమరిచి చెప్పారు.

ఆర్టీసీ వాళ్లు డ్యూటీ ఎక్కి నాలుగు నెలలు తిరగకముందే ఇదే ప్రాంతంలో ఇంకో రెండు దెబ్బలు పడ్డాయి.

మొదటిది ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లది. పొద్దున్నే కూలీలను కూడగట్టి, మస్టర్ వేసి, టేపు పట్టి గుంతలు కొలిచేది వాళ్లే. 2020 మార్చిలో సమ్మె చేశారని రాష్ట్రమంతటా ఏడున్నర వేల మందికి పైగా ఫీల్డ్ అసిస్టెంట్లను తొలగించారు. ఊళ్లో నిన్నటిదాకా పని చూపించిన మనిషి ఇవాళ తానే పని అడగాలి. జీతం చిన్నదే కావచ్చు, ఆ తలవంపు మాత్రం చిన్నది కాదు. రెండేళ్ల తర్వాత, 2022 మార్చిలో అసెంబ్లీలో హామీ వచ్చింది. ఆగస్టులో మళ్లీ విధుల్లోకి తీసుకున్నారు.

రెండోది బడులది. 2020 మార్చి మధ్యలో కరోనాతో బడులు మూతపడితే ప్రైవేటు టీచర్లకు జీతాలు ఆగాయి. చాలామంది ఉపాధి హామీ పనికి పోయారు, కూరగాయలు అమ్మారు. ఆ జూన్‌లో ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూలు ప్రిన్సిపాల్ భార్యతో కలిసి టిఫిన్ బండి పెట్టారు. ఆ వార్త దేశమంతా పాకింది. చాలామంది 'పాపం' అన్నారు. మెచ్చుకోవలసింది ఆయన తెగువను. టిఫిన్ బండి ఆషామాషీ పని కాదు. ముందురోజు పప్పు నానబోయాలి, రాత్రికి పిండి రుబ్బి పులవనివ్వాలి, తెల్లారకముందే చట్నీలు సిద్ధం కావాలి, పదిన్నర దాటితే బేరం ఉండదు. నిన్నటిదాకా బడి గంట నడిపించిన రోజును ఇప్పుడు ఇడ్లీ వాయి నడిపిస్తుంది. ప్రభుత్వ సాయం వచ్చేసరికి ఏడాది గడిచింది. 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించారు.

ఏన్కూరు వైపు పల్లెలకు ఒక వెసులుబాటు ఉంది. ఇక్కడ ఏడాది పొడవునా ఏదో ఒక కూలి తగులుతుంది. దసరా నుంచి పత్తి తీత, సంక్రాంతి దాటాక మిర్చి కోతలు, ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు, ఆ తర్వాత తునికాకు. తునికాకు యాభై ఆకులకో కట్ట కట్టి కల్లంలో అప్పజెప్పాలి. డిగ్రీ చదివినవాళ్లకు ఈ పనులకు పోవాలంటే సిగ్గు అడ్డొస్తుంది. ఆ సిగ్గును పెంచేది చాలాసార్లు చుట్టూ ఉన్నవాళ్లే. "ఇంత చదివి మిర్చికొచ్చినవా" అన్న ఒక్క మాట చాలు, ఆ పిల్లవాడు మర్నాడు మంచం దిగడు.

పోయిన ఉద్యోగం తిరిగొస్తుందన్న ఆశకు ఇంకో ముఖమూ ఉంది. ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురంలో బిల్ట్ కంపెనీ గుజ్జు మిల్లు 2014 ఏప్రిల్‌లో ఆగిపోయింది. మళ్లీ తెరుస్తారన్న కబురు ఏడాదికోసారి వచ్చేది. ప్రభుత్వం రాయితీలు కూడా ప్రకటించింది. క్వార్టర్లలోనే కనిపెట్టుకుని ఉన్న కుటుంబాలకు బకాయిలు పేరుకున్నాయి, మిల్లు సైరన్ మాత్రం మోగలేదు. ఫీల్డ్ అసిస్టెంట్ల ఉద్యోగం తిరిగొచ్చింది, బిల్ట్ కార్మికులది రాలేదు. ఏది తిరిగొస్తుందో ముందు ఎవరికీ తెలియదు. కాబట్టి పాత ఉద్యోగం కోసం కొట్లాడుతూనే ఈ నెల గడిచే దారి చూసుకున్నవాళ్లే నిలబడ్డారు. కేవలం కబురు కోసం కూర్చోబెట్టే ఆశ మనిషిని లోపల్నుంచి తినేస్తుంది.

డబ్బు సంగతి మొదటి వారంలోనే తేల్చుకోవాలి. ఫ్యాక్టరీలో ఏడాదికి పైగా పనిచేసిన కార్మికుణ్ణి తీసేస్తే ముందస్తు నోటీసు, ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం చట్టం ప్రకారం హక్కు. అయిదేళ్లు నిండినవాళ్లకు గ్రాట్యుటీ ఉంటుంది. పీఎఫ్‌లోనూ కొంత తీసుకోవచ్చు. ఈఎస్‌ఐ చందా కట్టినవాళ్ల కోసం నిరుద్యోగ భృతి పథకం 2018లో వచ్చింది. 2020లో దాన్ని సగటు రోజు వేతనంలో సగానికి పెంచారు, 90 రోజుల వరకు. జీతం చీటీలు, అపాయింట్‌మెంట్ కాగితం పట్టుకుని కార్మిక శాఖ ఆఫీసుకు, ఈఎస్‌ఐ బ్రాంచికి వెళ్లి అడగాలి. అడగనివాళ్లకు ఇవేవీ రావు.

అంతకన్నా ముందు ఇంట్లో చెప్పాలి. రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరి, పార్కులో కూర్చుని సాయంత్రం ఇంటికొచ్చేవాళ్లు నగరాల్లో ఉన్నారు. దాచిన ప్రతి రోజూ వడ్డీతో కలిసి పెరుగుతుంది. మైక్రోఫైనాన్స్ వాళ్లు వారం వారం గుమ్మంలోకి వచ్చే ఊళ్లలో అయితే దాచడం అసలు కుదరదు. పొదుపు సంఘం మహిళలకు, కిరాణా కొట్టు ఆసామికి ముందే చెప్పుకుంటే ఒకటి రెండు నెలలు ఆగే మనుషులు ఇంకా ఉన్నారు.

నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు. మీ వాడలో ఉద్యోగం పోయినవాళ్లు ఉంటే "ఏమన్నా దొరికిందా" అని గుమ్మంలో నిలబెట్టి అడగకండి. మీ చేలో పనుంటే పిలవండి, బంధువుల ఊళ్లో ఖాళీ ఉందని వింటే చెప్పండి, సంతకు పోతూ బండి వెనక ఎక్కించుకుని తీసుకెళ్లండి.