మొదటి నెలలో గడియారం ఇంట్లోనే ఉండనివ్వండి

పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ వచ్చిందంటే మన ప్రాంతంలో ఏమి జరుగుతుందో కలికిరి మొదలుకొని మదనపల్లె, పుంగనూరు, కుప్పం వరకు ఉన్న సంఘాల వారందరికీ తెలుసు. ఆ వారం నుండే చీకటి ఉండగానే యౌవనస్థులు రోడ్డెక్కుతారు. నెల తిరిగేసరికి వారిలో చాలామంది కనబడరు. ఒకరికి మోకాలు వాచింది, ఒకరికి కాలి ముందెముక వెంబడి నొప్పి. ఆదివారం ఆరాధన అయ్యాక పలకరిస్తే, “పరుగు మా ఒంటికి పడదు అయ్యగారూ” అంటారు. పడకపోవడం కాదు, మొదలుపెట్టిన వరుస తప్పిందని మేము అనుకుంటున్నాము. 1962లో కోరుకొండకు వచ్చిన సైనిక్ స్కూలు 2014లో కలికిరికీ వచ్చింది. యూనిఫారం మీద ఆశ ఇక్కడి ఇళ్లలో కొత్తది కాదు. ఆ ఆశ ఒక నెల తొందరలో కుంటుపడకూడదనే ఈ మాటలు వ్రాస్తున్నాము.

ముందు లెక్క చూద్దాం. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ ఎంపికలో 1,600 మీటర్ల పరుగును పురుషులు 8 నిమిషాల్లో, స్త్రీలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలని నిబంధన ఉంచారు. 400 మీటర్ల మైదానంలో అది నాలుగు చుట్లు. పురుషులకు చుట్టుకు రెండు నిమిషాలు. అగ్నివీర్ ఎంపికలోనైతే పూర్తి మార్కులకు ఐదున్నర నిమిషాలు. ఈ అంకెలు మనసులో పెట్టుకొని పిల్లవాడు మొదటి రోజే సెల్‌ఫోన్‌లో టైం పెట్టి పరుగెత్తుతాడు. రెండో చుట్టుకే రొప్పుతాడు, మరునాడు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తాడు. పట్టుదల మంచిదే గాని, అది పని చేయవలసిన చోటు ఇది కాదు.

1,600 మీటర్లు చూడడానికి వేగపు పరీక్షలా ఉంటుంది. నిజానికి ఆ పరుగుకు కావలసిన శక్తిలో మూడు వంతులకు పైగా మనం పీల్చే ప్రాణవాయువు సాయంతోనే పుడుతుంది. ఆ ఏర్పాటును పెంచేది నెమ్మది పరుగే. వారాల తరబడి నెమ్మదిగా పరుగెత్తితే గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తాన్ని పంపడం నేర్చుకుంటుంది, కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. అయితే ఒక చిక్కు ఉంది. ఊపిరి కొన్ని వారాల్లోనే బలపడుతుంది. ఎముకలకు, కండరాన్ని ఎముకకు కలిపే నరాల వంటి పట్టీలకు నెలలు కావాలి. పైగా కొత్త బరువు పడినప్పుడు ఎముక మొదట పాత భాగాన్ని కరిగించుకొని ఆ తర్వాతే కొత్తది కట్టుకుంటుంది. అందుకే మూడో వారంలో, “ఇప్పుడు బాగుంది, ఇంకాస్త పరుగెత్తగలను” అనిపించే సమయమే జాగ్రత్త పడవలసిన సమయం. ఎముక మీద ఒకే చోట, వేలితో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే అది సన్నని పగులు కావచ్చు. నూనె రాసి పరుగెత్తించకుండా డాక్టరుకు చూపించండి.

మరి ఎలా మొదలుపెట్టాలి? 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ తయారు చేసిన తొమ్మిది వారాల పద్ధతి ఇప్పటికీ లోకమంతా వాడుతున్నారు. మొదటి వారం ఐదు నిమిషాలు చురుకుగా నడిచి, ఆ తర్వాత ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక చొప్పున ఇరవై నిమిషాలు. వారానికి మూడు రోజులే. వారాలు గడిచేకొద్దీ పరుగు పెరుగుతుంది, నడక తగ్గుతుంది. వినడానికి ఇది పిల్లల ఆటలా ఉంటుంది, అందుకే మన కుర్రాళ్లకు నచ్చదు. వేగం ఎంత ఉండాలంటే, పక్కనున్న వాడితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టే. వారానికి పది శాతానికి మించి పెంచకూడదని కొందరు చెబుతారు. అది ఒక అంచనా మాత్రమే, శాసనం కాదు. ముందు రోజుల సంఖ్య పెంచండి, తర్వాత నిమిషాలు పెంచండి, వేగం చివరికి ఉంచండి. హార్స్లీ హిల్స్ ఘాట్ రోడ్డు మొదటి రెండు నెలలు వద్దు.

కొలిచి పెంచడం మన ప్రాంతపు వైద్యానికి కొత్త సంగతి కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్ల క్షయ శానిటోరియం 1915లో మొదలైంది. మందులు రాని ఆ రోజుల్లో లోకంలో ఎక్కడైనా శానిటోరియం వైద్యమంటే విశ్రాంతి, మంచి గాలి, ఆహారమే. ఇంగ్లండులోని ఫ్రిమ్లీలో మార్కస్ పాటర్సన్ అనే డాక్టరు దానికి ఇంకొకటి చేర్చారు. జ్వరం తగ్గిన రోగిని మొదట కొద్ది దూరం నడిపించేవారు, ఆ దూరాన్ని మెట్టు మెట్టుగా పెంచేవారు, ఆ తర్వాత బుట్ట మోయించి, చివరికి పార పట్టించేవారు. జ్వరం మళ్లీ తగిలితే పని ఆపి పడకకు పంపేవారు. రోగి ఉత్సాహాన్ని బట్టి కాదు, ఒంటి జవాబును బట్టి పెంచడం అక్కడి పద్ధతి. పరుగుకూ అదే సరిపోతుంది.

పోటీ పరుగుల వారూ ఇదే చేశారు. న్యూజిలాండ్ శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ తన 800 మీటర్ల ఆటగాడు పీటర్ స్నెల్ చేత కూడా వారానికి దాదాపు 160 కిలోమీటర్లు పరుగెత్తించాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్లలో, అతని సహచరుడు ముర్రే హాల్బర్గ్ 5,000 మీటర్లలో ఒకే రోజున స్వర్ణాలు గెలిచారు. ఆ 160 కిలోమీటర్లను మన పిల్లలు చేయనక్కరలేదు. రెండు నిమిషాల లోపు ముగిసే పరుగుకే అంత పునాది వేశారన్నది గమనిస్తే చాలు.

తొందర ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2024లో జార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుళ్ల ఎంపికలో పది కిలోమీటర్ల పరుగు పెట్టారు. ఆ పరీక్షల్లో పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. కారణాల మీద వాదనలు జరిగాయి. మనం చేయగలిగింది మాత్రం స్పష్టమే. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఇంట్లో చిన్న వయసు గుండె మరణం, వీటిలో ఏది ఉన్నా పరుగు కంటే ముందు డాక్టరు. ఎవరో ఇచ్చిన ఇంజక్షన్, శక్తి పొడి ముట్టకండి. రాగి సంగటి, పప్పు, గుడ్డు, కంటి నిండా నిద్ర చాలు.

పరీక్షకు ఆరు నెలలుంటే మొదటి నాలుగు నెలలు నెమ్మది పరుగుకే ఇవ్వండి. ఆగకుండా నలభై నిమిషాలు పరుగెత్తగలిగాక, చివరి రెండు నెలల్లో వారానికి ఒక్క రోజు వేగం పెట్టండి. రెండు నిమిషాలకు కాస్త ముందు ముగిసేలా ఒక చుట్టు, రెండు నిమిషాల నడక, ఇలా నాలుగుసార్లు. మిగతా రోజులు మళ్లీ నెమ్మదే. నోటిఫికేషన్ కోసం ఎదురుచూసి మొదలుపెడితే ఈ ఆరు నెలలు దొరకవు, కాబట్టి ఈ వారమే మొదలుపెట్టవచ్చు.

ఇంకొక మాట ఆడపిల్లల గురించి. తెల్లవారుజామున ఒంటరిగా రోడ్డు మీద పరుగెత్తడానికి తల్లిదండ్రులు ఒప్పుకోరు, వారి భయంలో తప్పులేదు. పెద్ద ఆవరణ ఉన్న సంఘాలు వారానికి మూడు రోజులు ఐదున్నరకు గేటు తెరిచి, ఒక లైటు వేసి, స్త్రీల సమాజం నుండి ఇద్దరు పెద్దమ్మలను అక్కడ నడవమంటే ఆ ఇబ్బంది తీరుతుంది. ఆ పెద్దమ్మల షుగరుకూ ఆ నడక మంచిదే.