కంప్యూటరుకు ఎక్కువ తక్కువలు చెప్పేదెలా?

పిల్లలు కంప్యూటర్ ప్రోగ్రామ్ రాస్తుంటే "మనకెందుకులే" అని పక్కకు తప్పుకుంటాం. కానీ అందులో ఒక పని మాత్రం మనం రోజూ చేసేదే. అదే పోల్చి చూడటం. పోయిన నెల కంటే కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందా, ఇద్దరు పిల్లల గ్లాసుల్లో పాలు సమానంగా ఉన్నాయా అని చూస్తూనే ఉంటాం కదా! కంప్యూటరూ అంతే. కాకపోతే దాని జవాబులు రెండే: అవును, కాదు.

పైథాన్, సి లాంటి భాషల్లో ఇందుకు ఆరు గుర్తులున్నాయి. > అంటే ఎక్కువ, < అంటే తక్కువ, >= అంటే ఎక్కువ లేదా సమానం, <= అంటే తక్కువ లేదా సమానం, == అంటే సమానం, != అంటే సమానం కాదు. వీటిలో > , < మన చిన్నప్పటి లెక్కల పుస్తకంలోవే. ఇంగ్లండులో థామస్ హారియట్ పుస్తకంలో 1631లోనే ఇవి అచ్చయ్యాయి.

మరి సమానానికి రెండు = గుర్తులెందుకంటారా? ఒక్క = పెడితే డబ్బాలో కందిపప్పు పోసినట్టు. == పెడితే రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి, రెండింట్లో ఒకటే ఉందా అని చూసినట్టు. సి భాషలో పోల్చాల్సిన చోట ఒక్కటే పెడితే, డబ్బాలో ఉన్నది తీసేసి కొత్తది పోసేస్తుంది! పైథాన్ అయితే తప్పని చెప్పి ఆగిపోతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది హద్దు దగ్గర. మన దేశంలో ఓటు వయసు 1989లో 21 నుంచి 18కి తగ్గింది. 18 నిండితే చాలు, ఓటుంటుంది. కానీ ప్రోగ్రామ్‌లో "వయసు > 18" అని రాశారనుకోండి. సరిగ్గా 18 ఏళ్లున్న అమ్మాయికి "కాదు" అనే జవాబొస్తుంది. 19 వచ్చేదాకా ఆగాల్సిందే. కంప్యూటరు తప్పేం లేదు, రాసినట్టే చేసింది. "వయసు >= 18" అని రాయాలి. ఆ ఒక్క గుర్తు లేకపోతే ఒక పిల్ల హక్కు పోయినట్టే.

ఇంకో చిక్కుంది. అంకెల్ని కొటేషన్ గుర్తుల మధ్య పెడితే కంప్యూటరు వాటిని మాటలనుకుంటుంది. నిఘంటువులోలాగా మొదటి అక్షరం చూసి, "10" కంటే "9" పెద్దదంటుంది!

ఈసారి మీ పిల్లలు ప్రోగ్రామ్ చూపిస్తే, "17, 18, 19 మూడూ వేసి చూపించమ్మా" అనండి. హద్దుకు కింద ఒకటి, హద్దు మీద ఒకటి, హద్దు దాటాక ఒకటి. మొదటిదానికి "కాదు", మిగతా రెంటికీ "అవును" వస్తే సరిగ్గా రాసినట్టే. ఇది అడగడానికి మనకు పెద్ద చదువులేం అక్కర్లేదు.