బండి వైర్లకి నల్ల టేపు ఒక్కటే చాలదు బాస్!

కొత్త బైక్ వచ్చిన వారంలోనే ఫాగ్ ల్యాంపులు, మొబైల్ ఛార్జర్, గట్టిగా మోగే హారన్ పెట్టించేస్తాం. కారైతే డాష్‌క్యామ్, ఆండ్రాయిడ్ స్టీరియో, రివర్స్ కెమెరా. ఏ మోడల్ కొనాలో తేల్చుకోడానికి నెలరోజులు రివ్యూలు చూస్తాం. వాటికి వెళ్లే వైరు మీద ఏం చుట్టారో మాత్రం అడగం. షాపులో నల్ల టేపు రోల్ తీస్తారు, గిరగిరా చుట్టేస్తారు, "అయిపోయిందన్నా" అంటారు. మనం డబ్బులిచ్చి వచ్చేస్తాం.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మా కోడ్‌లో బగ్ ఉంటే స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వస్తాయి. వైరింగ్‌లో బగ్ ఉంటే ముందు కాలిన వాసన వస్తుంది. అందుకే ఈ సంగతి కాస్త వివరంగా.

12 వోల్టులే కదా అనుకోవద్దు

12 వోల్టులు మనకి షాక్ కొట్టవు, నిజమే. కానీ షార్ట్ అయితే కారు బ్యాటరీ ఒక్కసారిగా వందల ఆంపియర్ల కరెంటు వదలగలదు. బండి బాడీ మొత్తం బ్యాటరీ నెగటివ్‌కి కలిసి ఉంటుంది. ఇంజిన్ అదురుతున్నప్పుడు వైరు ఏ రేకు అంచుకో రాసుకుంటూ, పైతొడుగు అరిగి, లోపలి రాగి బాడీకి తగిలితే చాలు. ఫ్యూజ్ ఉంటే అది ఎగిరిపోయి బండిని కాపాడుతుంది. ఫ్యూజ్ లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా లాగిన వైరైతే హీటర్ కాయిల్ లాగా ఎర్రబడుతుంది. పక్కనే ప్లాస్టిక్, పెట్రోలు పైపు. ఆ తర్వాత చెప్పేదేముంది?

ఇన్సులేషన్ టేపు ప్యాకెట్ మీద 600 వోల్టులని ఉంటే ధైర్యం వస్తుంది. ఇంటి స్విచ్‌బోర్డుకి ఆ నంబర్ ముఖ్యం. బండిలో వైరుకి శత్రువులు వేరు: వేడి, రాపిడి, నీళ్లు. వీటిలో ఏది ఎక్కువ ఉన్న చోటో చూసి చుట్టేది ఎంచుకోవాలి. మొత్తం కిటుకు ఇదే.

నల్ల టేపు ఎక్కడ ఓడిపోతుంది?

మామూలు పీవీసీ టేపు చాలావరకు 80 డిగ్రీల దాకా, మంచి రకమైతే 105 దాకా తట్టుకుంటుంది. మన ఎండలో ఆపిన బండి, దానికి తోడు ఇంజిన్ వేడి. టేపుని మెత్తగా ఉంచే రసాయనం మెల్లగా జిగురులోకి దిగుతుంది. అప్పుడు జిగురు పాకంలా కారి, టేపు జారిపోతుంది. పాత వైరింగ్ ముట్టుకుంటే చేతికి నల్లగా అంటుకునే బంక అదే. అలాగని పీవీసీ పనికిరానిదేం కాదు. వేడి తగలని చోట వైర్లని కట్టగా పట్టి ఉంచడానికి చక్కగా సరిపోతుంది.

ఏ చోటికి ఏది?

కారు లోపల, డాష్‌బోర్డు వెనక: ఇక్కడ సమస్య చప్పుడు. గతుకుల రోడ్డు మీద వైర్ల కట్ట ప్లాస్టిక్‌కి తగిలి కటకటలాడుతుంది. దుప్పటిలా నూగు ఉండే పాలిస్టర్ ఫ్లీస్ టేపు ఆ శబ్దాన్ని మింగేస్తుంది. నీళ్లు తగిలే చోట మాత్రం వద్దు, పీల్చుకుంటుంది.

ఇంజిన్ దగ్గర: నేసిన పాలిస్టర్ గుడ్డ టేపు. వీటిలో 125, 150 డిగ్రీలు తట్టుకునేవి ఉన్నాయి, రాపిడికీ ఆగుతాయి. జర్మనీ కార్ల కంపెనీల ఎల్‌వీ 312 ప్రమాణంలో టేపులకి వేడి, రాపిడి, శబ్దం విడివిడిగా పరీక్షించి గ్రేడ్లు ఇస్తారు. టేపు జిగురు వైరు తొడుగుని పాడుచేస్తుందేమో కూడా చూస్తారు. టేపు మంచిదైతే సరిపోదు. వైరుకి కూడా ఆ వేడిని తట్టుకునే రకం ఉండాలి. ఐఎస్‌ఓ 6722 లెక్కలో వైర్లు 85, 100, 125, 150 డిగ్రీలు అంటూ తరగతులుగా ఉంటాయి.

సైలెన్సర్ పైపు పక్కన: ఇక్కడ ఏ టేపూ నిలవదు. ముందు వైరుని దూరంగా మళ్లించాలి. కుదరకపోతే పైన అల్యూమినియం పూత, లోపల ఫైబర్‌గ్లాస్ ఉండే స్లీవ్ వాడాలి.

కింద, చక్రాల వైపు: రాళ్లు, బురద, నీళ్లు. ఇక్కడ ముడతలు ముడతలుగా ఉండే ప్లాస్టిక్ గొట్టం కావాలి. దానికి నిలువునా చీలిక ఉంటుంది. ఆ చీలిక నేల వైపు ఉండేలా బిగిస్తే లోపలికి చేరిన నీళ్లు కారిపోతాయి. పైకి ఉంటే గొట్టమే నీళ్ల తొట్టి అవుతుంది.

బైక్ హ్యాండిల్ మెడ దగ్గర: ఇక్కడ వైర్లు రోజుకి వందలసార్లు వంగుతాయి. టేపు బిగించి చుడితే కట్ట కర్రలా గట్టిపడి, వంగే చోట లోపలి రాగి పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. వలలా అల్లిన స్లీవ్ వేసి, రెండు చివర్లా మాత్రం టేపు వేస్తే చాలు.

జాయింట్లు: వైర్లు మెలిపెట్టి పైన టేపు చుట్టడం మన దగ్గర జాతీయ అలవాటు. అదురుకి ఆ మెలి వదులవుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది. సరైన కనెక్టర్‌తో క్రింప్ చేసి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ స్లీవ్ వేయించండి. తనకి తానే అతుక్కునే సిలికాన్ టేపు కూడా నీటికి, వేడికి బాగా ఆగుతుంది. కానీ పదునైన అంచు తగిలితే ఇట్టే చిరుగుతుంది.

ఎలకలకి మిరప మంత్రం

వైర్లు కొరికే ఎలకల కోసం హోండా ఓ టేపు అమ్ముతోంది. అందులో క్యాప్సైసిన్ ఉంటుంది, అంటే మిరపకాయకి ఘాటునిచ్చే పదార్థం. గుంటూరు కారం పవర్ మనకి కొత్తగా చెప్పాలా!

షాపులో అడగాల్సినవి

- పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీశారా?
- బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజ్ పెట్టారా? టేపు ఎంత మంచిదైనా ఫ్యూజ్ పని చేయలేదు.
- వైరు రేకు రంధ్రంలోంచి వెళ్తుంటే రబ్బరు గ్రోమెట్ వేశారా?
- నీళ్లు, దుమ్ము తగిలే చోట ప్రతి చుట్టూ ముందు చుట్టుని సగం కప్పుతోందా?
- పీవీసీ టేపు చివరి చుట్టు లాగకుండా వదిలారా? సాగదీసి అంటిస్తే అది వెనక్కి ముడుచుకుని ఊడుతుంది.

ఈవీ ఉన్నవాళ్లకి ఇంకొక్క మాట. నారింజ రంగు తొడుగున్న కేబుళ్లలో ప్రాణాలు తీసే వోల్టేజీ ఉంటుంది. వాటి మీద ఏ టేపూ చుట్టొద్దు, అసలు ముట్టుకోవద్దు. అది కంపెనీలో ట్రైనింగ్ అయినవాళ్ల పని.

మిగతా బండ్లకి మంచి గుడ్డ టేపు, ఓ ఫ్యూజ్ హోల్డర్, నాలుగు ష్రింక్ స్లీవ్‌లు కలిపినా ఆ ఫాగ్ ల్యాంపుల ధరలో చిన్న వంతే. బేరం ల్యాంపుల దగ్గర ఆడండి, వైర్ల దగ్గర వద్దు.